హస్తవాసి

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఊరంతా ఒక కునుకు తీసే వేళకి, ఆమె ఆఫీసు కింద నేలమాళిగలో ఉన్న పరీక్షల గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. చెడిపోవాల్సిన యంత్రం ఎంతకీ చెడిపోవడం లేదు. పొద్దుటి నుంచీ దాని వంకే చూసీ చూసీ ఆమెకు కళ్ళు మండుతున్నాయి, దాంతో పాటు ఒళ్ళూ మండుతోంది.

ఆ గదికి కిటికీలు లేవు. పగలో రాత్రో గోడ గడియారం చెబితే తెలియాలి. నెత్తి మీద ట్యూబులైటు, బల్ల మీద తీగల చిక్కుముడి, మూలన బీరువా అంత శీతల పెట్టె. ఆ పెట్టె తలుపుకి చిన్న అద్దం ఉంది. లోపల ఎముకలు కొరికే చలిలో యంత్రాలు ఎలా పనిచేస్తాయో ఆ అద్దంలోంచి చూస్తారు. దాని మోటారు గుర్రుపెట్టే ముసలాయనలా కాసేపు రొద చేసి కాసేపు ఆగుతోంది. ఆగినప్పుడల్లా గది మరీ నిశ్శబ్దమైపోతోంది. పక్కన చెక్క అడ్డుగోడ, దాని అవతల ఫిర్యాదుల గది. అక్కడ వరసగా పెట్టిన ఫోన్లన్నీ సెలవు కాబట్టి నోరు మూసుకుని ఉన్నాయి. పైన గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప భవనం మొత్తానికి ఇంకో ప్రాణి లేదు.

ఆ కంపెనీ చేసేది శ్వాస యంత్రాలు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్ళు మంచం పక్కన పెట్టుకునే చిన్న పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర మాస్కు. ఎవరికి ఎంత గాలి ఊదాలో డాక్టరు నిర్ణయించి అందులో పెడతాడు. కరెంటు పోయే క్షణంలో యంత్రం తనలో మిగిలిన కాస్త శక్తితో ఆ వివరాలన్నీ మెమరీ చిప్‌లో రాసుకుని ఆగిపోతుంది. కరెంటు రాగానే చదువుకుని మళ్ళీ ఊదడం మొదలుపెడుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం సగమే రాసుకునేది. అప్పుడు కరెంటు వచ్చినా తనను తాను కొత్త యంత్రం అనుకుని, తెర మీద ‘సెట్టింగులు లేవు’ అని చూపించి, సన్నగా ఒక కూత కూసి ఊరుకునేది. మాస్కు తగిలించుకుని నిద్రపోతున్న మనిషికి ఆ కూత ఏం వినిపిస్తుంది?

ఆమె పని ఆ చిప్‌తో మాట్లాడే డ్రైవరు చూసుకోవడం. అది చక్రం తిప్పే డ్రైవరు కాదు, ప్రోగ్రాము అని ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పెట్టి మానేసింది.

లోపం ఎక్కడుందో ఆమెకు తెలుసు. రాసుకో అని ఆజ్ఞ ఇచ్చాక, పనిలో ఉన్నాను అని చిప్ ఒక తీగ మీద సైగ చేస్తుంది. ఆ సైగ చెయ్యడానికి దానికి రవ్వంత సమయం కావాలి. రెప్పపాటుని లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. డ్రైవరు ఆ ముక్క కూడా ఓపిక పట్టకుండా, అయిందా అని అడిగేస్తోంది. సైగ ఇంకా రాలేదు కాబట్టి చిప్ ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది. అయిపోయిందనుకుని డ్రైవరు అంతా కట్టేస్తుంది. మూట ఎత్తడానికి ఇంకా వంగనివాడి ఖాళీ చేతులు చూసి, అప్పుడే దించేశాడు అనుకోవడం లాంటిది. అడిగే ముందు కాస్త ఆగమని ఒక్క లైను రాస్తే చాలు. ఆ లైను ఆమె రాసి పెట్టుకుంది కూడా.

మేనేజరు ఒప్పుకుంటేగా. ఇప్పుడు డ్రైవరుని ముట్టుకుంటే అనుమతులన్నీ మొదటినుంచీ తెచ్చుకోవాలని ఒంటికాలి మీద లేచాడు. పాత డ్రైవరు ఒక్కసారైనా తప్పడం తన కళ్ళకు చూపిస్తే సరే, లేకపోతే సాయంత్రం కొత్త సరుకు లారీ ఎక్కుతుందన్నాడు. ఆమె అనుమానాలకి లారీలు ఆగవట. పైగా నాలుగు నెలలుగా ఒక్క ఫిర్యాదైనా వచ్చిందేమో చూపించమన్నాడు.

అదీ నిజమే. అంతకుముందు వారానికి ఒకటో రెండో వచ్చేవి. నాలుగు నెలలుగా ఒక్కటీ లేదు. ఫిర్యాదుల గదిలో కూర్చునే పిల్ల, పని లేక గోళ్ళు గిల్లుకుంటున్నానని మొన్ననే నవ్వుతూ చెప్పింది. ఈ నాలుగు నెలల్లో డ్రైవరు మారలేదు, చిప్ మారలేదు, ఊళ్ళో కరెంటు వచ్చీ పోయీ ఆడే ఆటా మారలేదు. మారింది ఒక్కటే. బావ పోయాడు.

బావ అంటే అక్క భర్త. ఆ డ్రైవరు రాసింది ఆయనే, ఆమెను ఈ ఉద్యోగంలో పెట్టిందీ ఆయనే. ఆఫీసులో అందరూ ఆయన్ని హస్తవాసి అనేవాళ్ళు. మంచి డాక్టరుకి అనాల్సిన మాట ఇంజనీరుకి పేరైపోయింది. ఏ బోర్డు మొండికేసినా ఆయన లవంగం నములుతూ తీరిగ్గా వచ్చి, చూపుడువేలు దాని మీద ఆనించి నిలబడేవాడు. అది బుద్ధిగా పనిచేసేది. ఆ వేలి కొసన అడ్డంగా ఒక గాటు ఉండేది, ఎప్పుడో అతుకులు వేసే వేడి కమ్మీ కాల్చిన గుర్తు. మా హస్తవాసి అదిగో ఆ గాటులో ఉంది అని కుర్ర ఇంజనీర్లు వేళాకోళం చేసేవాళ్ళు. బావ కూడా నవ్వేవాడు. పొగడ్త అంటే ఆయనకి చెడ్డ ఇష్టం.

అనుమతులిచ్చే పెద్దలు పరీక్షకి వచ్చిన రోజున కూడా అంతే. యంత్రం మూత తీసి బల్ల మీద పెట్టారు. బావ ఇస్త్రీ చొక్కాలో పక్కన నిలబడి, మాటల మధ్యలో అలవోకగా చిప్ మీద వేలు పెట్టాడు. వేడెక్కుతుందేమో చూస్తున్నానండీ అన్నాడు. వాళ్ళు కరెంటు తీశారు, ఇచ్చారు, మళ్ళీ తీశారు. ప్రతిసారీ యంత్రం చక్కగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మనిషి వేలు తగిలితే, అయిందా అని డ్రైవరు అడిగే సంకేతం తీగలో పిసరంత బరువెక్కి ఆలస్యమవుతుంది. డ్రైవరుకి కావాల్సిన ఆలస్యం కూడా అంతే. రాయాల్సిన లైను బదులు వేలు పెట్టి పని గడిపేశాడని ఆమె ఆ పూటే పసిగట్టి, క్యాంటీనులో నిలదీసింది. బావ చుట్టూ ఒకసారి చూసుకుని గొంతు తగ్గించాడు. ముందు సరుకు బయటికెళ్ళనీ, తర్వాత సరిచేద్దాం అన్నాడు. ఆయనకి ఆ తర్వాత అనేది రానేలేదు.

బావకీ నిద్రలో ఊపిరి ఇబ్బంది వచ్చింది. కంపెనీ ఒక యంత్రం ఇచ్చింది. ఒక రాత్రి కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. తెల్లారి అక్క లేపబోతే ఆయన లేవలేదు. పక్కన యంత్రం తెర మీద సెట్టింగులు లేవు అని ఉంది. పెద్దల ముందు వేలు పెట్టి నిలబెట్టినవాడు, తన మంచం పక్కన తనకోసం ఆ వేలు పెట్టుకోలేకపోయాడు. మాస్కు సరిగ్గా తగిలించుకోలేదని కంపెనీ చేతులు దులుపుకుంది. హాల్లో మాత్రం ఆయన ఫోటో పెద్దది వేలాడదీసి, కింద హస్తవాసి గల ఇంజనీరు అని రాయించింది. అక్క ఆ సంగతి విని, ఆ మాట వాళ్ళ నోట వినడానికే మా ఆయన చచ్చాడు అంది. అప్పటినుంచీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు అమ్మ దగ్గరా అదే యంత్రం ఉంది. తీసేద్దామంటే డాక్టరు ఒప్పుకోలేదు, అది లేకుండా పడుకుంటే ఇంకా ప్రమాదమన్నాడు. వేరే కంపెనీది ఇదిగో అదిగో అంటున్నారు గానీ రావడం లేదు. విచిత్రం ఏమిటంటే, ఈ నాలుగు నెలల్లో కరెంటు ఎన్నిసార్లు పోయినా అమ్మ యంత్రం ఒక్కసారీ తప్పలేదు.

ఇవాళ పొద్దున ఆమె బయల్దేరుతుంటే, అమ్మ మాస్కు తుడిచి మధ్యాహ్నం కునుకు కోసం సిద్ధంగా పెట్టుకుంటూ ఒక మాట అంది. “పాపం అల్లుడు పొద్దస్తమానం నా పక్కనే కూర్చుని మెషీన్ మీద వేలు పెట్టుకుని ఉంటాడే. చెయ్యి నొప్పెట్టదూ? నువ్వన్నా చెప్పవే, కాసేపు తియ్యమని.”

అక్క గిన్నెలు ఠపీమని పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వయసు మీద పడ్డ మనిషి మాట అని ఆమె కూడా చెవిన వేసుకోలేదు. సాయంత్రంలోగా పాత డ్రైవరు తప్పడం చూపించాలి, లేకపోతే ఇంకో రెండు వందల ఇళ్ళకి ఇదే యంత్రం వెళుతుంది. ఆమె మనసంతా దాని మీదే ఉంది.

అందుకే పరీక్షకి ఆమె ఏరికోరి బావ యంత్రాన్నే పెట్టింది. హాల్లో ఫోటో పెట్టకముందే అక్క గుడ్డసంచీలో తెచ్చి మొహాన కొట్టినట్టు ఇచ్చిపోయిన యంత్రం అది. ఒకసారి తప్పినది మళ్ళీ తప్పకపోదు. చలిలో ఈ లోపం ఇంకా ఎక్కువగా బయటపడాలి. అందుకని మూత విప్పి బోర్డుని శీతల పెట్టెలో పెట్టింది. కొలిచే పరికరాలేవీ తగిలించలేదు, ఎందుకంటే అవి తగిలినా వేలు తగిలినట్టే, సంకేతం ఆలస్యమై లోపం దాక్కుంటుంది. కరెంటు దానంతటదే పోయి వచ్చేలా అమర్చింది. యంత్రం సరిగ్గా లేస్తే ఆకుపచ్చ దీపం, తప్పితే ఎర్ర దీపం.

ఆకుపచ్చ. ఆకుపచ్చ. ఆకుపచ్చ. పొద్దుటి నుంచీ వందలసార్లు అదే.

విసుగెత్తి పెట్టె తలుపు తీసి, తీగలు సరిచూసి, మళ్ళీ మూసింది. బయటి తేమ లోపలికి వెళ్ళి బోర్డంతా తెల్లగా పొడిమంచు పట్టింది. చొక్కా చేత్తో అద్దం తుడిచి చూసింది. బోర్డు మొత్తం సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది, ఒక్కచోట తప్ప. మెమరీ చిప్ మీద గుండ్రంగా, రూపాయి బిళ్ళ కన్నా చిన్నగా, మంచు లేదు.

చిప్ వేడెక్కి కరిగి ఉంటుందనుకుంది. కానీ నిజంగా వేడెక్కే ప్రాసెసరు పక్కనే ఉంది, దాని మీద మంచు దట్టంగానే ఉంది. తలుపు తీసి, బోర్డుని గుడ్డతో పొడిగా తుడిచి, మళ్ళీ మూసింది. మోటారు రొద పెట్టింది. మంచు మెల్లగా అంచుల నుంచి లోపలికి పాకింది... చిప్ దాకా వచ్చి ఆగింది. గుండ్రటి మచ్చ అక్కడే ఉంది. ఈసారి ఇంకా స్పష్టంగా కనబడుతోంది. మచ్చ మధ్యలో, అడ్డంగా, సన్నటి తెల్లగీత ఒకటి... మంచు అక్కడ మాత్రం నిలిచింది. వేలికి గాటు ఉంటే, ఆ గాటు చిప్‌కి తగలదు.

మోటారు ఆగింది.

గదిలో లవంగం వాసన వేసింది.

ఆమె భయపడి తలుపు వైపు రెండడుగులు వేసింది. గడియారం వంక చూసింది. లారీ వచ్చే వేళ దగ్గరపడుతోంది. బల్ల మీద దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది... మళ్ళీ ఆకుపచ్చ... మళ్ళీ. చూస్తూ చూస్తూ ఉంటే భయం కింద నుంచి కోపం తన్నుకొచ్చింది. బతికున్నప్పుడు చేసిన మోసం చాలక, పోయాక కూడా అదే మోసం. ఫోటో కింద రాయించిన ఆ ముష్టి మాట కోసం. అక్క బతుకు బుగ్గి చేసింది చాలక.

అద్దానికి మొహం ఆనించి గొణిగింది. “పోయాక కూడా నీ పరువేనా బావా?”

అద్దం మీద ఆమె ఊపిరి ఆవిరై ఆరిపోయింది.

“నీ డ్రైవరు తప్పని తేలనివ్వు. నీ పేరు పోతే పోయింది. అమ్మ కూడా దీని మీదే బతుకుతోంది. చెయ్యి తియ్యి.”

దీపం ఇంకో రెండుసార్లు ఆకుపచ్చగా వెలిగింది. తర్వాత పెట్టె లోపలి నుంచో, చెవి పక్క నుంచో తెలియని ఒక గొంతు, బాగా అలిసిపోయిన గొంతు, అడిగింది.

“తియ్యనా?”

“తియ్యి.”

“అన్నిటి మీంచీనా...?”

ఆ మాట ఆమె విన్నది. అర్థం కోసం ఆగలేదు. ఆగే ఓపిక ఆ కోపంలో ఎక్కడుంది? “తియ్యమన్నానా” అంది పళ్ళు బిగించి.

గుండ్రటి మచ్చ మీదికి మంచు పాకింది. ముందు అంచులు, తర్వాత మధ్య... గీత కూడా కలిసిపోయింది. లవంగం వాసన పోయింది. బోర్డంతా ఒకే తెలుపు.

ఆకుపచ్చ. ఆకుపచ్చ. ఎరుపు.

ఆమె నోట్లోంచి నవ్వో ఏడుపో ఏదో వచ్చింది. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. కాసేపటికి మళ్ళీ ఎరుపు, ఇంకాసేపటికి ఇంకోటి. తెర మీద సెట్టింగులు లేవు అన్న అక్షరాలు స్పష్టంగా పడ్డాయి. మేనేజరుకి పంపింది. తర్వాత తను రాసిన ఆ ఒక్క లైనుతో కొత్త డ్రైవరు ఎక్కించి, అదే చలిలో, అదే బోర్డు మీద పరీక్ష మళ్ళీ పెట్టింది. ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు రాలేదు. మంచు మీద ఎక్కడా మచ్చ లేదు. ఎవరి వేలూ అక్కర్లేకుండా యంత్రం తన కాళ్ళ మీద తను నిలబడింది.

మేనేజరు జవాబు వచ్చింది. లారీ ఆపుతున్నాడట. అంతకు మించి ఒక్క ముక్క లేదు, ఆ మనిషి దగ్గర్నుంచి అదే ఎక్కువ. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నాలుగు నెలల్లో మొదటిసారి బావ మీద కాస్త జాలి కలిగింది. వెళ్ళాక అక్కకి చెప్పాలి, చివరికి ఆయనే చెయ్యి తీశాడని చెప్పాలి అనుకుంది.

అప్పుడు ట్యూబులైటు ఆరింది. చీకటి. బల్ల మీద బ్యాటరీతో నడిచే దీపం ఒక్కటే ఆకుపచ్చగా మినుకుమంది. ఆమె మనసులో ఎన్ని అంకెలు లెక్కపెట్టిందో ఏమో, లైటు టపటపా కొట్టుకుని మళ్ళీ వెలిగింది. ఊళ్ళో కరెంటు పోయి వచ్చింది. రోజూ పోయేదే, రోజూ వచ్చేదే.

ఫోన్ మోగింది. అక్క.

“చిన్నీ... అమ్మ మెషీన్ ఆగిపోయిందే. సెట్టింగులు లేవంటోంది.”

ఆమె లేచి నిలబడింది. “అమ్మని లేపు. ముందు మాస్కు తీసి లేపు.”

“లేపుతున్నానే...”

అన్నిటి మీంచీనా అని ఆ గొంతు అడిగిన మాట అప్పుడు... అప్పుడు ఆమె చెవిలో మళ్ళీ పలికింది. నాలుగు నెలలుగా ఒక్క ఫిర్యాదూ లేదు. అమ్మ మంచం పక్కన పొద్దస్తమానం కూర్చున్నది పరువు కోసం కాదు. ఒక్క అమ్మ మంచం పక్కనే కూడా కాదు.

అడ్డుగోడ అవతల, ఫిర్యాదుల గదిలో, ఒక ఫోన్ మోగింది.

అది ఆగకముందే ఇంకోటి. దాని పక్కది. ఆ పక్కది... ఆదివారం మధ్యాహ్నం, ఖాళీ గదిలో, వరసలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే అందుకున్నాయి. చెక్క గోడ ఆ మోతకి సన్నగా అదిరింది. తియ్యడానికి అక్కడ ఎవరూ లేరు.

“లేచిందా అక్కా?”

అవతల అక్క ఆమెతో మాట్లాడడం మానేసింది. దూరంగా, అమ్మా అమ్మా అని పిలుస్తున్న గొంతు ఒక్కటే వస్తోంది.

మెట్ల వైపు పరిగెత్తబోయి ఆగిపోయింది. ఫోన్ పట్టుకున్న చేతి మణికట్టు దగ్గర, సరిగ్గా నాడి కొట్టుకునే చోట, చల్లగా ఏదో తగిలింది. గుండ్రంగా, వేలికొస అంత. కిందికి చూసింది. అక్కడేమీ లేదు. చర్మం మాత్రం మెత్తగా నొక్కుకుపోయి ఉంది, మధ్యలో అడ్డంగా సన్నటి గీత తేలి ఉంది.

రెండో చేత్తో గుండె తడిమి చూసుకుంది. చప్పుడు దొరకలేదు. ఇంకో చోట తడిమింది... దొరకలేదు. మణికట్టు దగ్గర, ఆ చల్లటి వేలి కింద మాత్రం, నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఆ వేలు తీస్తే అదీ ఆగిపోతుంది.

అడ్డుగోడ అవతల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎందుకు పట్టుకున్నావని ఆమె అడగలేదు. చెయ్యి తియ్యమని ఈసారి అనలేదు.